పదహారు బిందెల పొదుపు

ఏరు గట్టు తెంపుకుని ఊళ్ళోకి వచ్చి, బడి బావిని అంచుదాకా ఇసకతో పూడ్చి వెళ్ళిన వరద మా గెడ్డపేటలో అందరికీ గుర్తే. ఆ వరద తరవాత ఆరో ఏడు జరిగింది ఇది.

బావి పోయాక బడికి బోరింగు వేశారు. సముద్రం మాకు రెండు కోసుల దూరం. బోరింగులో ఉప్పునీళ్ళు పడ్డాయి. పళ్ళెం కడిగి ఎండలో పెడితే తెల్లటి మరక కట్టేది. తాగడానికి పనికిరావని ఊరందరికీ తెలుసు, వేసినవాళ్ళకూ తెలుసు. అయినా కొబ్బరికాయ కొట్టి ప్రారంభం చేశారు.

అప్పుడు మా ఇంటిది పొద్దున్నే ఏట్లోకి దిగింది. ఇసక మీద అటూ ఇటూ నడిచి, ఒకచోట ఆగి మడమతో నొక్కి చూసింది. "ఇక్కడ తవ్వు" అంది. నడుంలోతు తవ్వేసరికి నాలుగు పక్కల నుంచీ తియ్యటి నీళ్ళు ఊరాయి. అదే మా చెలమ. నన్ను బడికి నీళ్ళమనిషిగా పెట్టుకున్నారు. రోజూ కావిడితో ఇరవై నాలుగు బిందెలు మోసి వరండా పక్క గదిలో కుండలు నింపేవాణ్ణి. నూట నలభైమంది పిల్లలు, నలుగురు మాస్టార్లు, వంట చేసే అసిరమ్మ పొయ్యి, అంతా ఆ నీళ్ళ మీదే నడిచేది. మా ఇంటిది మూడేళ్ళకు పోయింది. చెలమ ఉంది.

చెలమకు ఒక పద్ధతి ఉంది. రాత్రంతా ఊరి నిలిచిన నీళ్ళు తాగకూడదు. సముద్రం పోటుకు అడుగు నుంచి ఉప్పు ఎక్కుతుంది. ఒడ్డు ఇసక జారుతుంది. కప్పలు దిగుతాయి. అందుకని తెల్లారగానే కొబ్బరి చిప్పతో ఆ పాత నీళ్ళు తోడి పారబొయ్యాలి. తోడుతూంటే కొత్తవి ఊరుతూ ఉంటాయి. పదహారు బిందెలు పోసేసరికి ఊట కన్ను తెరుచుకుంటుంది. పదిహేడో బిందె నుంచి నీళ్ళు తియ్యగా వస్తాయి. మూడు రోజులు తోడకపోతే నీళ్ళు కంపు కొడతాయి. పది రోజులు తోడకపోతే కన్ను మూసుకుపోతుంది. తరవాత ఎంత తవ్వినా అక్కడ నీళ్ళు రావు.

పారబోసిన నీళ్ళు ఎక్కడికీ పోవు. ఇసకలోంచి వచ్చినవి ఇసకలోకే పోతాయి. పోయే దారిలో అసిరమ్మ నాలుగు దోసపాదులు పెట్టింది. ఆ కాయలు పిల్లల పప్పులో పడేవి.

ఇలా ఉండగా, కార్తీకం వెళ్ళాక, కాగితం వచ్చింది.

మా హెడ్మాస్టరు జగన్నాథ పట్నాయక్ గారు మంచాయన. పామును కర్రతో అవతలికి నెట్టగలడు కాని కాగితాన్ని నెట్టలేడు. మమ్మల్నందరినీ వరండాలో నిలబెట్టి చదివి వినిపించారు.

"'జల విలువ బోధనా పథకము. బాలబాలికలయందు మంచినీటి విలువను పాదుకొల్పుటయు, జలపొదుపును నిత్యాచరణముగా అలవరచుటయు, అట్లు పొదుపు చేయబడిన జలమును బిందెల పరిమాణములో ప్రతి మాసాంతమున నివేదించుటయు...'"

"అంటే ఏటండి మేస్టారూ?" అంది అసిరమ్మ.

"నీళ్ళు తక్కువ వాడాలి. ఎంత తక్కువ వాడామో బిందెల్లో రాసి పంపాలి."

"వాడని నీళ్ళు బిందెల్లోకి ఎలాగొత్తాయండి?"

మాస్టారు కాగితం తిరగేసి చూశారు. వెనక వైపు ఖాళీగా ఉంది. "అది ఇందులో లేదు" అన్నారు.

కాగితంతో పాటు జలప్రతిజ్ఞ వచ్చింది. నలభై ఒక్క వాక్యాలు. రోజూ ప్రార్థన అయ్యాక పిల్లలంతా ఎండలో నిలబడి, కుడిచెయ్యి చాచి, గట్టిగా చదవాలి. మొదటి రోజు ముప్పావు గంట పట్టింది. అయ్యీ అవగానే నూట నలభైమందీ కుండల మీద పడ్డారు. మధ్యాహ్నం దాకా రావలసిన నీళ్ళు ఒక్క నిమిషంలో అయిపోయాయి. నేను మళ్ళీ ఏట్లోకి వెళ్ళి ఆరు బిందెలు తెచ్చాను.

వారం రోజులు ఇలాగే జరిగింది. నీళ్ళ పొదుపు మొదలయ్యాక బడిలో నీళ్ళ ఖర్చు పెరిగిందని మాస్టారు కనిపెట్టారు. పై ఆఫీసుకు రాశారు. జవాబు వచ్చింది. ప్రతిజ్ఞను కుదించడం కుదరదు, ప్రతిజ్ఞ అయ్యాక గంటసేపు కుండల గదికి తాళం వేయవలెను. వేశారు.

అయిదో తరగతిలో పుణ్యవతి అని ఒక పిల్ల ఉండేది. వేపచెట్ల మెట్ట నుంచి కోసెడు దూరం నడిచి వచ్చేది. ఆ తాళం దగ్గర నిలబడి నన్ను అడిగింది.

"తాతా, గంటంటే ఎంతసేపేటి?"

"కూకో. అయిపోతాది."

"నీకు దాహమెయ్యదా?"

"ఏత్తాది."

"మరి నువ్వేటి సేత్తావు?"

నేను పొద్దున్నే చెలమ దగ్గర తాగేసి వచ్చేవాణ్ణి.

తరవాత ఒక రోజు తెల్లారి జీపు వచ్చింది. అందులోంచి పథకం ప్రత్యేకాధికారి విరూపాక్షం గారు దిగారు. లేత ఎండలో ఏటి ఫోటో తీసుకుందామని వచ్చారట. వెనకే మా మాస్టారు చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో పరిగెత్తుకొచ్చారు. నేను అప్పటికి తొమ్మిదో బిందె పారబోస్తున్నాను.

"ఆగు" అన్నారు విరూపాక్షం గారు. "ఏం చేస్తున్నావు?"

"తోడతన్నాను బాబు."

"తోడి?"

"పారబోత్తన్నాను."

"రోజూనా?"

"రోజూ."

"ఎన్ని?"

"పదారు."

ఆయన మాస్టారి వైపు చూశారు. మాస్టారు ఇసక వైపు చూశారు.

"పట్నాయక్ గారూ, మీ పాఠశాల పరిధిలో దినమునకు పదహారు బిందెల జలహననము జరుగుచున్నది. మాసమునకు నాలుగు వందల ఎనభై. అది కూడా మీ సిబ్బంది చేతులమీదుగా."

"బాబు, తోడితేనే ఊరుతాది" అన్నాను. "తోడకపోతే కన్ను మూసుకుపోతాది."

"ఎవరి కన్ను?"

"సెలమది."

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. రాసింది పైకి చదివారు కూడా, మాస్టారు వినాలని. 'సిబ్బందిలో మూఢవిశ్వాసములు ప్రబలముగా ఉన్నవి. శిక్షణ అత్యవసరము.'

నన్ను శిక్షణకు పట్నం పంపారు. మూడు రోజులు. పెద్ద హాలు, చల్లగా ఉంది. జిల్లాలోని నీళ్ళమనుషులు, అటెండర్లు, తోటమాలులు నలభైమంది వచ్చారు. ఒక్కొక్కరి ముందు గంటకొక నీళ్ళ సీసా పెట్టేవారు. గుటక తాగి వదిలేస్తే, అది తీసుకెళ్ళి దొడ్లో పారబోసి కొత్తది పెట్టేవారు. రోజుకు ఎన్ని బిందెలయ్యేవో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడం వాళ్ళ పని.

పాఠం చెప్పే ఆయన ఒక్కొక్కరినీ లేపి నీరు అంటే ఏమిటని అడిగాడు. ఒకడు జీవం అన్నాడు. ఒకడు అమృతం అన్నాడు. చప్పట్లు కొట్టారు. నా వంతు వచ్చింది.

"దాహం" అన్నాను.

"కాదు. దాహము అనునది సమస్య. మనము ఇక్కడ సమస్యల గురించి చర్చించుట లేదు. కూర్చో."

మూడో రోజు సాయంత్రం నాకు జలచైతన్యం కలిగిందని కాగితం ఇచ్చారు. తీసుకుని వచ్చాను.

వచ్చేసరికి చెలమకు సిమెంటు ఒర దింపేశారు. పైన ఇనుప మూత. మూతకు తాళం. పక్కన నిలువెత్తు టేకు పలక పాతారు. మూడో తరగతి దాకా చదివిన చదువు కాబట్టి ఒక్కో అక్షరమే కూడబలుక్కున్నాను. 'జలనిధి. పొదుపు చేయబడిన నీరు. ముట్టరాదు.' పలక మంచి చేవ కర్ర. అటువంటి కర్ర మా ఊళ్ళో ఎవరి గుమ్మానికీ లేదు.

రోజుకొకసారి తొమ్మిది గంటలకు మాస్టారు మూత తీసేవారు. తాగే నీళ్ళు ఇరవై నాలుగు బిందెలు తీసుకోవచ్చు. పారబోయడానికి మాత్రం ఒక్క చిప్ప కూడా వీల్లేదు కాబట్టి, పారబొయ్యవలసిన పాత నీళ్ళే కుండల్లో పడేవి. మొదటి రోజు పిల్లలు తాగి మొహాలు చిట్లించారు. రెండో రోజు సగంమంది తాగారు. మూడో రోజు కుండ మూత తీసిన పిల్ల ముక్కు మూసుకుని వెనక్కి వచ్చేసింది. నాలుగో రోజు నుంచి ఎవరూ కుండల దగ్గరికి పోలేదు. నేను తెచ్చిన ఇరవై నాలుగు బిందెలూ అలాగే ఉండిపోయాయి.

ఇది పైకి రాయక తప్పలేదు. మందలింపు వస్తుందని మాస్టారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. వచ్చింది మెచ్చుకోలు. విద్యార్థులు స్వచ్ఛందముగా జలత్యాగమునకు పూనుకొనుట హర్షణీయము, ఇకపై ఆ ఇరవై నాలుగు బిందెలను కూడా పొదుపు కింద చూపవలెను. పదహారూ ఇరవై నాలుగూ నలభై. రోజుకు నలభై బిందెల పొదుపు. జిల్లాలో మా బడి మొదటిది అయింది.

తాగేవాళ్ళు లేరు కాబట్టి మూత తియ్యనక్కరలేదన్నారు. తాళంచెవి పట్నం ఆఫీసుకు పట్టుకుపోయారు.

పిల్లలు కొందరు ఇంటి నుంచి సీసాల్లో తెచ్చుకునేవారు. దూరం నుంచి నడిచి వచ్చేవాళ్ళ నీళ్ళు దారిలోనే అయిపోయేవి. వాళ్ళు బోరింగు కొట్టుకుని తాగి కడుపు పట్టుకుని కూచునేవారు. అసిరమ్మ కూడా ఆ ఉప్పునీళ్ళతోనే వండింది. పప్పులో ఉప్పు వెయ్యడం మానేసింది. దోసపాదులు ఎండిపోయాయి.

"మావా, ఈ సోద్దెం ఎన్నాళ్ళు?" అంది నాతో. "నువ్వైనా నోరు తెరిసి అడగవేటి? నువ్వు మాటాడకపోతే ఇంక ఆ సెలమ కోసం ఎవులు మాటాడతారు?"

నాకు ఆ మాట గుచ్చుకుంది. తాళంచెవి పట్నం పోయిన ఆరో రోజు మాస్టారి గదిలోకి వెళ్ళాను.

"బాబు, ఒక్క పాలి తాళం తెప్పించండి. తోడేత్తాను. ఇంకా నాలుగు రోజులే ఉంది."

మాస్టారు తలుపు దగ్గరగా వేశారు.

"తవిటయ్యా, నాకు తెలియదట్రా? నేనూ ఈ ఏటి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణే. కాని నువ్వు పదహారు పారబోస్తే కాగితంలో పదహారు తగ్గుతాయి. మొదట ఉన్న బడి రెండోది అయితే, ఎందుకయిందని అడుగుతారు. ఏం చెప్పను?"

"పోనీ ఇంకొకటి తవ్వుతాను. పక్కన."

ఆయన సొరుగులోంచి ఇంకో కాగితం తీశారు. జలనిధికి రెండు ఫర్లాంగుల లోపల వేరొక గుంట తవ్వరాదు, తవ్వినచో పొదుపు చేయబడిన నీరు దానిలోనికి తరలిపోవును. తవ్విన సిబ్బందిని తొలగింతుము.

"నీ పేరు రాసి లేదు కాని, నీ గురించే అది" అన్నారు.

బయటికి వచ్చేశాను. నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు ఇనుప మూత మీద చెవి పెట్టి విన్నాను. చెలమ ఊరుతూంటే లోపల సన్నగా చప్పుడు ఉంటుంది, అన్నం కుండ ఉడుకు తగ్గినప్పటిలా. ఏమీ వినిపించలేదు. మా ఇంటిది చూపించిన చోటు అది. నేను పని పోతుందని ఊరుకున్నాను.

ఆ తరవాత పొదుపు పెరుగుతూ పోయింది. రోజుకు నలభై. ఆదివారాలు కూడా కలిపారు. ఆదివారం పిల్లలు రారు కాబట్టి ఆ రోజు పొదుపు మరింత నికరం. మూడు నెలలకు మూడు వేల ఆరు వందల బిందెలు. మా చెలమ బాగా ఉన్న రోజుల్లో, నిండుగా ఉంటే, ఆరు బిందెలు పట్టేది.

నీటి విలువ మీద వ్యాసాల పోటీ పెట్టారు. పుణ్యవతి కూడా రాసింది. విరూపాక్షం గారు దాన్ని ప్రార్థన దగ్గర నిలబడి చదివారు.

"'మా బడిలో నీళ్ళు చాలా విలువైనవి. వాటికి ఇనుప మూత ఉంది. తాళం ఉంది. పేరు రాసిన పలక ఉంది. వాటిని ఎవరూ తాగకూడదు. మా ఇంట్లో నీళ్ళకు విలువ లేదు. అందుకని అవి మేము తాగుతాము.'"

చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "పదేళ్ళ బాలికలో ఇంతటి జలదృష్టి. ఇళ్ళలో కూడా ఈ విలువ రావాలన్న ఆవేదన చూడండి" అన్నారు. మొదటి బహుమతి ఇచ్చారు. నీలం రంగు సీసా. దాని మీద 'ప్రతి చుక్కా పొదుపు చేద్దాం' అని రాసి ఉంది.

పుణ్యవతి సీసా తెచ్చి నా దగ్గర తలకిందులు చేసి ఊపింది.

"తాతా, ఇందులో నీళ్ళేవి?"

"పొదుపు సేసినారు" అన్నాను.

ఆ వారంలోనే ట్యాంకరు వచ్చింది. పట్నంలో ఒక బడి పొదుపులో బాగా వెనకబడి ఉందట. మిగులు పాఠశాల నుండి లోటు పాఠశాలకు అయిదు వందల బిందెలు జలబదిలీ చేయవలెనని ఉత్తర్వు. ట్యాంకరు నడిపేవాడి పేరు కూర్మయ్య. ఏటి ఒడ్డున బండి ఆపి, బీడీ వెలిగించుకుని, గొట్టం భుజాన వేసుకుని దిగాడు.

"ఏదండి నీళ్ళ సెరువు?"

మాస్టారు ఇనుప మూత చూపించారు. కూర్మయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. కాలితో తట్టాడు. ఖంగుమంది.

"ఇందులో అయిదొందలా?"

"కాగితం ప్రకారం మూడు వేల ఆరు వందలు" అన్నారు మాస్టారు.

"ఎక్కడెట్టారండి అన్నీ? ఒకదానిమీదొకటి ఎక్కించినారా?"

మాస్టారు చెమట తుడుచుకున్నారు. కూర్మయ్యకు జాలేసినట్టుంది.

"తాళంసెవి ఉందేటండి?"

"పట్నంలో ఉంది."

"పోన్లెండి. నాకు కావాల్సింది నీళ్ళు కాదు గదా, అయిదొందలు నింపినట్టు సంతకం. అక్కడ పోసినట్టు ఆళ్ళు పెడతారు."

మాస్టారు సంతకం పెట్టారు. ట్యాంకరు ఎలా వచ్చిందో అలాగే మోగుకుంటూ వెళ్ళింది. పట్నం బడివాళ్ళు అయిదు వందలూ ముట్టినట్టు సంతకం పెట్టారు. ముట్టినవాటిని ఒక్క గుక్క కూడా తాగకుండా పొదుపు చేశారు. ఆ నెల మెచ్చుకోలు వాళ్ళకు కూడా వచ్చింది.

ఇంత పొదుపును కళ్ళారా చూడాలని రాజధాని నుంచి పెద్ద దొర బయల్దేరారు. ఫాల్గుణం ఎండ. ఏట్లో ఇసక మీద షామియానా వేశారు. దాన్ని జలదర్శనం అన్నారు. నీడ వేదిక వరకే వచ్చింది. పిల్లలు ఎండలో వరసలు కట్టారు. వేదిక మీద తెల్లగుడ్డ కప్పిన బల్ల, బల్ల మీద పన్నెండు నీళ్ళ సీసాలు, మంచు పట్టి చెమర్చి ఉన్నాయి. పిల్లలు ప్రతిజ్ఞ చదువుతూ వాటివైపే చూశారు.

ముప్పై మూడో వాక్యం 'ప్రతి జలబిందువునందును ప్రాణమును దర్శించెదను' దగ్గర పుణ్యవతి కూలబడిపోయింది. చేతిలో నీలం సీసా ఇసకలో దొర్లింది.

"భావావేశము" అన్నారు విరూపాక్షం గారు, పెద్ద దొర వైపు వంగి. "ఈ వాక్యము దగ్గర బాలికలు తరచు చలించిపోవుదురు."

నేను వెళ్ళి పిల్లను ఎత్తుకున్నాను. ఒళ్ళు కాలిపోతోంది. పెదాలు పగిలి ఉన్నాయి. అసిరమ్మ చుట్టూ చూసింది. ఏట్లో అంతమందిమి ఉన్నాం, గుక్కెడు నీళ్ళు లేవు. ఆమె చీర చెంగు బొడ్లో దోపి తిన్నగా వేదిక ఎక్కింది. పెద్ద దొర ముందున్న సీసా తీసుకుంది.

"ఏయ్, అది ముఖ్య అతిథి గారికి కేటాయించినది" అన్నారు విరూపాక్షం గారు.

"ఆరికి ఇంకా పదకొండున్నాయి బాబు" అంది అసిరమ్మ. దిగి వచ్చింది.

పిల్ల కళ్ళు తెరిచి సీసాడు నీళ్ళూ తాగేసింది. కార్యక్రమం ఆగలేదు. మిగిలిన ఎనిమిది వాక్యాలూ చదివారు.

తాళంచెవి పట్టుబట్టలో చుట్టి తెచ్చారు. పెద్ద దొర చేతికిచ్చారు. ఉప్పుగాలికి తాళం తుప్పు పట్టింది. తిప్పితే చెవి విరిగింది. నన్ను పిలిచారు. రాయి పెట్టి మూడు దెబ్బలు కొట్టాను. మూత తీశాను.

లోపల ఇసక. ఒర అతుకుల సందుల్లోంచి జారి, అంచుకు జానెడు కిందదాకా నిండిన ఎండు ఇసక. దాని మీద చీమలు బారు కట్టి పోతున్నాయి. పొదుపు చేసిన నీళ్ళను పెద్ద దొర చాలాసేపు చూశారు. తరవాత విరూపాక్షం గారిని చూశారు. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఇక అయిపోయిందనుకున్నాను.

విరూపాక్షం గారు గొంతు సవరించుకున్నారు.

"మహాశయులారా, మనము చూచుచున్నది శూన్యము కాదు, సంపూర్ణత. ఇంతవరకు పొదుపు అనగా నీటిని పైన నిలువచేయుట అని భ్రమపడితిమి. పైన ఉన్న నీటిని ఎవరైనను తాగవచ్చును. ఆ ప్రమాదమును ఈ పాఠశాల తొలగించినది. మూడు వేల నూరు బిందెల నీరు తన పుట్టింటికి, భూగర్భమునకు, సురక్షితముగా చేరినది. ఒక్క బిందువు మానవుని చేతికి చిక్కలేదు."

పెద్ద దొర ముందుగా చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. పిల్లలు కూడా కొట్టారు, చప్పట్లయ్యాక ఇంటికి పంపిస్తారని వాళ్ళకు తెలుసు.

"అద్భుతం. దీనిని ఇట్లే పరిరక్షించాలి" అన్నారు పెద్ద దొర. జిల్లాలో ప్రతి బడి నూతికీ ఇలాంటి మూత వెయ్యాలని అక్కడికక్కడే ఉత్తర్వు వేశారు. మర్నాడు మధ్యాహ్నం మేస్త్రీలను పంపి మా చెలమ మీద సిమెంటు పలక పరిపిస్తామన్నారు. ఇచ్చట మూడు వేల నూరు బిందెల నీరు భద్రముగా ఉన్నది అని దాని మీద చెక్కిస్తారట. ఆ పలకకు కాపలా నేను. నా పని పేరు జలసంరక్షకుడు. ఇక కావిడి మొయ్యనక్కరలేదు. చెయ్యవలసిందల్లా అక్కడ ఎవరూ తవ్వకుండా చూడడం.

నాకు శాలువా కప్పారు. రెండు ముక్కలు మాట్లాడమని మైకు ఇచ్చారు.

"నీళ్ళు లేవు" అన్నాను.

రెండే. మంచి క్లుప్తత అన్నారు. చప్పట్లు కొట్టారు.

జీపులు వెళ్ళిపోయాక నేనూ మాస్టారూ మిగిలాం. షామియానా వాళ్ళు గుంజలు పీకుతున్నారు. మాస్టారు మూత తీసిన గుంట అంచున కూచుని లోపలికి చూశారు. ఇసక గుప్పెడు తీసి వేళ్ళ మధ్య నుంచి జారవిడిచారు.

"మీ ఆవిడ చూపించిన చోటు కదూ ఇది" అన్నారు.

"అవును బాబు."

"కొత్త సిమెంటు పలక వస్తుంది కాబట్టి ఆ టేకుది ఇక ఏ కాగితంలోనూ లేదు." లేచి ఇసక దులుపుకున్నారు. "రేపు నేను బడికి పదింటికి వస్తాను. అంతకు ముందు రాను. ఏటి వైపు అసలే రాను."

చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు తెల్లారగానే పార, బిందెల కావిడి, చిప్ప తీసుకుని ఏట్లోకి దిగాను. శాలువా మడిచి కావిడి కింద భుజానికి వేసుకున్నాను. పాత చెలమకు యాభై అడుగులు ఎగువకు నడిచాను. రెండు ఫర్లాంగులు కాదు, యాభై అడుగులు. మా ఇంటిదానిలా మడమతో నొక్కి చూశాను. మూడు చోట్ల గట్టిగా ఉంది. నాలుగో చోట మడమ దిగింది. తవ్వాను.

నడుంలోతుకు తడి తగిలింది. ఎగువ వైపు ఒడ్డు జారుతూ ఉంది. వెళ్ళి టేకు పలక పీక్కొచ్చి ఆ పక్కన నిలువుగా దింపాను. సరిగ్గా సరిపోయింది. అక్షరాలు ఇసక వైపు పెట్టాను.

తోడడం మొదలెట్టాక వెనక అలికిడయింది. పుణ్యవతి. నీలం సీసా చేతిలో ఉంది.

"పారబోత్తన్నావేటి తాతా?"

"లెక్కెట్టు" అన్నాను.

ఇసకలో కూచుని లెక్కపెట్టింది. తొమ్మిది దగ్గర సీసా నావైపు చాచింది. తల అడ్డంగా తిప్పాను. మళ్ళీ లెక్కలో పడింది. నీళ్ళు బురదగా, తరవాత తెల్లగా, తరవాత తేటగా వచ్చాయి.

"పదారు" అంది.

చిప్ప కడిగి, పదిహేడోది ఆ సీసాలో పోశాను.